హొండలో పండుగప్పలు

పండుగప్ప పిల్లలు మా పొలానికి వచ్చిన రోజు ఇంట్లో మా ఆయన ఒక్కడే ఉత్సాహంగా ఉన్నాడు. మా బావకు చేపల మీద నమ్మకం లేదు. మా తోడికోడలికి, నేను అక్కా అని పిలుస్తాను, ఇంకో పని నెత్తిన పడిందన్న విసుగు. నాకేమో భయం. నాకు చిన్నప్పటి నుంచీ గుబులు ఎక్కువ. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందనుకుంటాను, ఫోను మోగితే చెడ్డ కబురే అనుకుంటాను. అలాంటిదాన్ని నీళ్ళలో ఉండే ప్రాణాలకు కాపలా పెట్టారు.

మాది బళ్ళారి జిల్లా, సిరిగేరి పక్కన వరి పండించే ఊరు. కాలువలో నీళ్ళు వదిలితే పంట, లేకపోతే లేదు. అన్నదమ్ములిద్దరూ కుడతిని పవర్ ప్లాంటులో షిఫ్టుల పనికి పోతారు. పొలం చూసుకునేది అక్కా, నేనూ. కాలువ ఆగిన నెలల్లో అక్కరకొస్తాయని పొలం మూలన పెద్ద గుంట తవ్వించి, నీళ్ళు ఇంకిపోకుండా అడుగునా, నాలుగు గట్లకూ మందపాటి నల్ల ప్లాస్టిక్ పరిపించారు. కన్నడలో గుంటను హొండ అంటారు. మా నోళ్ళలోనూ అదే మాట. ఆ హొండలో నీళ్ళు ఉత్తగా ఎందుకుండాలి, చేపలు వేద్దాం అన్నది మా ఆయన ఆలోచన. ప్లాంటులో తనతో పనిచేసే కోస్తా మనిషి ఒకాయన పండుగప్పల గురించి చెప్పి ఆశ పెట్టాడు. అతని బంధువే వ్యాన్‌లో పిల్లల్ని తెచ్చాడు.

గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో, చిటికెన వేలంత కూడా లేవు. మచ్చల మచ్చల నలుపు. నొసటి మీద ముక్కు నుంచి వీపు దాకా తెల్లటి గీత, నామం పెట్టినట్టు. సంచులు అలాగే కట్టి ఉండగానే హొండ నీళ్ళ మీద తేలేశాడు పిల్లల్ని తెచ్చినాయన. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికి రావాలట.

"ఇవి మన నీళ్ళల్లో బతుకుతాయా అప్పా?" అని అక్క అడిగింది.

"బతుకుతాయమ్మా. పుట్టేది ఉప్పునీళ్ళల్లో గానీ పెరగడానికి ఏట్లోకి ఎక్కి వచ్చే జాతి ఇది. మంచినీళ్ళంటే దీనికి ఇష్టమే. ఒక్కటే చెడ్డ గుణం, ఒకదాన్నొకటి తినేస్తాయి. సైజు తేడా వచ్చిందంటే పెద్దది చిన్నదాన్ని మింగుతుంది. మీరు ఏరుతూ ఉండాలి. ఏరడం ఆపారంటే లెక్క తగ్గిపోతూనే ఉంటుంది."

దోమతెర లాంటి సన్నని వలతో కుట్టిన పెద్ద పెద్ద సంచుల్ని హొండలో కర్రలకు కట్టి, పిల్లల్ని వాటిలో వదిలాడు. ఆయన వెళ్ళిపోయాక మా ఆయన షిఫ్టుకు వెళ్ళిపోయాడు. బావ అంతకుముందే వెళ్ళాడు. గట్టు మీద మేమిద్దరం మిగిలాం.

అక్కకూ నాకూ గొడవలేం లేవు. ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు. అవసరానికి మించి మాట్లాడుకోం, అంతే. ఆమె ఏది అనుకుంటే అది చేసేసే మనిషి. నేను పది రకాలుగా ఆలోచించి, చివరికి ఎవరో చెప్పింది చేసే మనిషిని. నా ఆలోచనలు ఆమెకు చికాకు, ఆమె తెగువ నాకు దడ. అందుకని దూరం దూరంగానే మెలిగేవాళ్ళం. చేపలు వచ్చాక అది కుదరలేదు. ఏరడానికి నాలుగు చేతులు కావాలి.

మొదటి వారంలోనే ఒక పిల్ల నోట్లోంచి ఇంకో పిల్ల తోక బయటికి వేలాడుతూ కనబడింది. తనకంటే కొంచెమే చిన్నదాన్ని పట్టుకుని మింగలేక, కక్కలేక, రెండూ చచ్చి తేలాయి. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఇంకాస్త మేత వేద్దామని అక్కతో అన్నాను. ఆకలికే అలా చేస్తున్నాయనుకున్నాను.

"ఆకలి కాదు మే," అంది అక్క బేసిన్‌లో చేయి పెట్టి తిప్పుతూ. "కడుపు నిండినా పక్కన చిన్నది కదిలితే సాలు, నోరు తెరుస్తాది. దాని గుణమే అది."

తెల్లవారగానే పనిలో దిగేవాళ్ళం. వల సంచి ఎత్తి పిల్లల్ని బేసిన్‌లలో పోసి, పెద్దవి ఒక పక్క, నడిమివి ఒక పక్క, చిన్నవి ఒక పక్క. చూస్తుండగానే ఒకే ఈడు పిల్లల్లో ఒకటి ఎందుకో ముందుకు దూసుకుపోయేది. అది మిగతావాటికి యముడన్న మాట. దాన్ని వెతికి పట్టుకుని తీసేస్తేనే నాకు ఊపిరి ఆడేది. పట్టుకోవడం తేలిక కాదు. వాటి చెంపల అంచు బ్లేడులా ఉంటుంది. కొంచెం పెరిగాక ఒకటి అక్క అరచేతిని చీల్చింది. పసుపు అద్ది గుడ్డ చుట్టుకుని ఆమె పని ఆపలేదు. నేను మాత్రం ఆ గుడ్డ వైపు చూస్తూ, చీము పడుతుందేమో, జ్వరం వస్తుందేమో అని రెండు రోజులు నా పొయ్యి దగ్గర నేనే మథనపడ్డాను.

నా భయాలకు అంతు లేదు. నీటికాకి గట్టున వాలితే భయం. మేత వేసినప్పుడు ఒకటి పైకి రాకపోతే భయం. చలికాలం వచ్చి చేపలు మేత ముట్టడం మానేసినప్పుడు నా ప్రాణం పోయినంత పనైంది. మంచు విడవని పొద్దున హొండలో చేయి పెట్టి చూస్తే వేళ్ళు కొంకర్లు పోయేవి. చేపలన్నీ అడుగుకు చేరి కదలకుండా పడి ఉండేవి. పిల్లలు తెచ్చినాయనకు ఫోన్ చేశాను.

"చలికి అంతేనమ్మా. వేడి దేశపు చేప అది. ఎండ ఎక్కాక కొంచెం వేసి చూడండి. తినకపోతే ఊరుకోండి. ఎక్కువ వేశారంటే మేత కుళ్ళి నీళ్ళు పాడవుతాయి."

ఊరుకోవడం నాకు చేతకాని పని. అయినా ఊరుకున్నాను. ఎండలు ముదిరేసరికి అవి మళ్ళీ మేతకు వచ్చాయి. ఆ తర్వాత వాటి పెరుగుదల చూడాలి. నలుపు పోయి వెండి రంగు తేలింది. వీపు గూనిలా లేచింది. నోరు కంటి వెనక దాకా చీలింది. వల సంచుల్లోంచి తీసి హొండలోకి వదిలేశాం. మేతకు కాలువలోని జిలేబి చేపపిల్లల్ని కూడా తెచ్చి వేసేవాళ్ళం. పండుగప్ప తరుముకుంటూ పోదు. కర్ర నీడన కదలకుండా నిలబడి ఉంటుంది. జిలేబి పిల్ల దగ్గరికి రాగానే నోరు తెరుస్తుంది, నీళ్ళతో సహా లోపలికి పోతుంది. టప్పుమని ఒక శబ్దం, అంతే. దీపాలు పెట్టే వేళకు టార్చి వేస్తే వాటి కళ్ళు ఎర్రగా మెరిసేవి. అక్క ఆ మెరుపు చూడడానికే ఒక్కోసారి టార్చి తీసుకుని వచ్చేది. నాకది చూస్తే ఒళ్ళు జలదరించేది.

ఎండాకాలం చివర అసలు పరీక్ష వచ్చింది. కాలువ ఆగి చాలా కాలమైంది. హొండలో నీళ్ళు తగ్గి, పచ్చగా చిక్కబడ్డాయి. చేపలు పెద్దవయ్యాయి. నీళ్ళలో గాలి వాటి ఊపిరికి చాలదేమోనని మా ఆయన నీళ్ళను చిలికే చక్రాల మోటరు ఒకటి పెట్టించాడు. సాయంత్రం నుంచి పొద్దెక్కే దాకా అది తిరుగుతూ ఉండేది. ఉన్నట్టుండి మబ్బు పట్టింది. గాలి లేదు, ఎండ లేదు, ఉక్క. ఆ మరుసటి రోజు మధ్యాహ్నం గాలివాన వచ్చి కరెంటు స్తంభాల్ని పడగొట్టింది. మోటరు ఆగిపోయింది. అన్నదమ్ములిద్దరూ రాత్రి షిఫ్టుకు కుడతిని పోయారు. వాళ్ళు లైన్‌మెన్‌కు ఫోన్ చేసి నాకు ధైర్యం చెప్పారు గానీ, కరెంటు పొద్దునకి గానీ రాదని తేలిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తూర్పు తెల్లబడుతుండగా అక్క తలుపు తట్టింది. "ఏమే, లేస్తివా? పా, పోయి చూద్దాం."

ఆమెకూ నిద్ర లేదని అప్పుడు అర్థమైంది.

గట్టు ఎక్కగానే చూశాను. హొండ నిండా నోళ్ళు. ఎక్కడ చూసినా నీటి పైన నోళ్ళు తెరిచి, మూసి, తెరిచి. మామూలుగా మనిషి నీడ పడితే లోపలికి మాయమయ్యే చేపలు మమ్మల్ని చూసీ కదల్లేదు. పెద్దవి కొన్ని పక్కకు ఒరిగిపోతూ మళ్ళీ లేస్తున్నాయి.

"గాలి సాల్తాలేదు," అంది అక్క. బకెట్ తీసుకుని అంచున మెట్లలా పేర్చిన ఇసుక మూటల మీదికి దిగి నీళ్ళు ముంచి ఎత్తి పైనుంచి పోయసాగింది. నేను గట్టు మీది నుంచి కర్రతో నీళ్ళు కొట్టాను. మా ఇద్దరి తిప్పలకూ ఆ పెద్ద హొండలో ఏం తేడా వస్తుంది? అయినా కొట్టాను. నీళ్ళు పడిన చోటికి నాలుగు చేపలు వచ్చి మూతులు చాపాయి. అది చూసి అక్కకు ఆశ పుట్టింది. ఇంకో మెట్టు దిగింది.

"సాలు అక్కా, ఆడ నాచుంది," అన్నాను.

ఆమె జవాబు చెప్పేలోపే కాలు జారింది. మూట మీది నుంచి ప్లాస్టిక్ మీదికి, అక్కడి నుంచి నీళ్ళలోకి. కేక కూడా లేదు. ఒక్కసారి మునిగి తేలింది. గట్టు వైపు చేతులు చాచింది. చేతికి దొరికింది నాచు పట్టిన ప్లాస్టిక్. గోళ్ళతో గీకితే జారుతుంది, మోకాలు ఆనిస్తే జారుతుంది. ఎక్కబోయిన ప్రతిసారీ ఇంకాస్త లోతుకు పోతోంది. ఆమెకు ఈత రాదు. నాకూ రాదు.

నేను చీర ఎగదోపి దిగబోయాను.

"దిగొద్దు," అంది అక్క, నోట్లో నీళ్ళతో. "నువ్వు దిగితే ఇద్దరం పోతాం. తాడు చూడు."

తాడు లేదు. చుట్టూ చూశాను. కంచె రాతి కంబానికి చేపల్ని ఏరే పెద్ద వల ఆరేసి ఉంది. దాని ఒక కొనను కంబానికి చుట్టి ముడి వేశాను. ఎన్నో ముడులు వేసినట్టు గుర్తు. నా చేతులు నా మాట వింటున్నాయో లేదో నమ్మకం లేక మళ్ళీ మళ్ళీ వేశాను. రెండో కొన విసిరాను. చేరలేదు. లాగి, బోర్లా పడుకుని, మళ్ళీ విసిరాను. అక్క తల మునిగింది. ఆ కాసేపు నేను ఏమనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. చేయి పైకి వచ్చింది. వేళ్ళు వల కన్నుల్లో ఇరుక్కున్నాయి. అలాగే బిగించి పట్టుకుంది.

లాగాను. తడిసిన మనిషి బరువు నాకు తెలియదు అంతవరకూ. కంబానికి కాళ్ళు తన్నిపెట్టి కొంచెం లాగడం, జారకుండా వలను కంబానికి చుట్టడం, మళ్ళీ లాగడం. ఆమె మోచేతులతో పాకుతూ వచ్చింది. అంచుకు చేరాక నేను జాకెట్టు పట్టుకుని ఈడ్చాను. ఇద్దరం గట్టు మీద మట్టిలో పడి ఉన్నాం. ఆమె దగ్గి దగ్గి నీళ్ళు కక్కింది. నేను ఆమె వీపు రుద్దుతూ ఏడుస్తున్నాను.

"ఏడ్సొద్దు," అంది ఊపిరి అందాక. "పక్క పొలం అప్పకు ఆయిలింజను ఉండాది. పిల్చుకురా పో."

ఆమెను అలా వదిలి వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. గట్టు మీది నుంచి కదలనని ఒట్టు వేయించుకుని పరుగెత్తాను. పక్క పొలం పెద్దాయన ఏమీ అడగకుండా ఇంజను బండి మీద వేసుకుని వచ్చాడు. హొండ నీళ్ళనే తోడి, పైపు మూతి పైకెత్తి కట్టి మళ్ళీ హొండలోకే జల్లుగా పడేలా చేశాడు. ఆ జల్లు కిందికి చేపలు మందలుగా చేరాయి.

అన్నదమ్ములు పొద్దెక్కాక బస్సు దిగి వచ్చారు. అప్పటికి పెద్దవన్నీ తెల్లటి కడుపులు పైకి పెట్టి తేలుతున్నాయి. పెద్ద ఒంటికి ఊపిరి ఎక్కువ కావాలి కాబట్టి అవే ముందు పోతాయట. తోటి పిల్లల్ని మింగి అందరికంటే ముందు పెరిగినవే పోయాయి. మేము చిన్నవాటి బేసిన్‌లో ఏరి వేసిన బక్కవి జల్లు కింద తిరుగుతూ బతికాయి. మా ఆయన గట్టు మీద కూలబడ్డాడు. నాకు చచ్చిన చేపల మీద ధ్యాసే లేదు. అక్క ఇంటికెళ్ళి చీర మార్చుకుని, తల ఆరబెట్టుకుని, ఏమీ జరగనట్టు మేత బస్తా సర్దుతోంది. నన్ను పక్కకు పిలిచి మెల్లగా అంది.

"మీ బావకు చెప్పొద్దు. చెప్తే హొండ పూడ్పిస్తాడు. నువ్వు చూడలేదు, నేను పడలేదు."

సరే అన్నాను. బావ ఆమె మోచేతులు చూసి, "ఏందిది, ఇట్ల గీసుకపోయినాయి?" అంటే, "గట్టు మీద జారితి" అంది. ఆయన నమ్మాడు. మరుసటి రోజు పొద్దున ఆమె మళ్ళీ అవే మూటల మీద నిలబడి చచ్చిన చేపను కర్రతో లాగుతుంటే నాకు గుండె ఆగినట్టయింది. అవ్వ ఊళ్ళో ఉండి చదువుకుంటున్న ఆమె పిల్లలు ఇంకొన్ని రోజుల్లో ఇంటికి వస్తారు. వచ్చిన పిల్లలు ముందు పరుగెత్తేది హొండ గట్టుకే. నాకు కళ్ళు మూస్తే ప్లాస్టిక్ మీద గీకుతున్న గోళ్ళే కనబడేవి. ఒకసారి అక్క వేళ్ళు, ఒకసారి పిల్లల వేళ్ళు. మాట ఇచ్చాను కదా అని నాకు నేను చెప్పుకుని చూశాను. నిలవలేదు.

బావ ప్లాంటుకు బయలుదేరుతుంటే వాకిట్లో ఆపి చెప్పాను. జరిగింది జరిగినట్టు. ఆయన అరవలేదు. టిఫిన్ క్యారియర్ అరుగు మీద పెట్టి, హొండ దగ్గరికి నడిచి, చాలాసేపు నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు పనికి పోలేదు. బళ్ళారి పోయి లావు తాళ్ళు, పాత టైర్లు తెచ్చాడు. నాలుగు వైపులా కంబాలకు కట్టి నీళ్ళ అడుగు దాకా టైర్ల నిచ్చెనలు వేలాడదీశాడు. కంచెకు తలుపు పెట్టి తాళం వేశాడు. పూడ్చమని మాత్రం అనలేదు.

అక్క నాతో మాట్లాడడం మానేసింది. "నా మాట పడేస్తివి" అని ఒక్క ముక్క అని ఊరుకుంది. మునుపటి మౌనం వేరు, ఇది వేరు. బేసిన్ అందించేటప్పుడు కూడా నా వైపు చూసేది కాదు. నేను చేసింది తప్పని నాకు అనిపించలేదు, కానీ ఆ ముఖం చూస్తూ పొద్దంతా పక్కపక్కన పనిచేయడం నరకంగా ఉండేది. పిల్లలు వచ్చారు, తాళం వేసిన తలుపు పట్టుకుని ఊగారు, వెళ్ళిపోయారు. మళ్ళీ కాలువ వచ్చింది. నాట్లు అయ్యాయి. బతికిన బక్క చేపలు చోటు దొరికిందేమో, విరగబడి పెరిగాయి.

చేపలు పట్టిన రోజు బళ్ళారి కంటోన్మెంట్ పక్క చేపల అంగడి ఆయన ఐసు బండితో వచ్చాడు. పిల్లల్ని అమ్మిన కోస్తా ఆయన కూడా చూద్దామని వచ్చాడు. ఇంటికని ఒక చేపను అక్కడే కోస్తుంటే లోపల గుడ్లేమైనా ఉన్నాయేమోనని అక్క వంగి చూసింది.

"ఉండవమ్మా," అన్నాడాయన. "ఇవన్నీ మగవే. పండుగప్ప ముందు మగదిగానే పెరుగుతుంది. కొన్నేళ్ళు గడిచి బాగా బలిసాక ఆడదిగా మారుతుంది. అందుకే మరీ పెద్ద చేపలు ఎక్కువగా ఆడవే ఉంటాయి."

అక్క కత్తి వైపు చూసింది, బండిలో వెండిలా మెరుస్తున్న చేపల వైపు చూసింది. తర్వాత, ఇన్నాళ్ళకు, నా వైపు తిరిగింది.

"ఇంటున్నావా మే. ఇంట్లో మగోళ్ళకు వండి పెడ్తిమి, హొండలోనూ మగోళ్ళకే మేత పెడ్తిమి. ఇంగ మనకు పెట్టేదెవరు?"

నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూ నవ్వుతూ ఎందుకో కళ్ళు తుడుచుకున్నాను. ఆమె చూసి చూడనట్టు చేపల గంప నా వైపు తోసింది.

కొన్నిటిని పట్టకుండా వదిలేద్దామని ఆమే అంది. ఆడవిగా మారాక గుడ్లు పెడతాయేమో చూద్దామని. పెట్టవన్నాడు కోస్తా ఆయన. అవి గుడ్లు పెట్టాలంటే ఏరు దిగి ఉప్పునీళ్ళకు పోవాలట. "సముద్రం యాడ, సిరిగేరి యాడ," అంది అక్క. అయినా వదిలేయమంది. అవి ఇంకా హొండలోనే ఉన్నాయి. మారాయో లేదో పైనుంచి చూస్తే తెలియదు. కొత్త పిల్లల్ని వాటికి అందకుండా వల సంచుల్లో పెంచుతున్నాం.

మొన్న పిల్లల చదువు పని మీద అక్క బళ్ళారి వెళ్ళింది. పొద్దుటి నుంచి మబ్బు, గాలి లేదు. నేను గట్టు మీద ఉండగానే ఫోన్ చేసింది.

"నీళ్ళ మీద నోర్లు కనపడ్తాండాయా?"

"లేదక్కా. అన్నీ లోపలే ఉండాయి."

"బాగ చూస్తివా?"

"చూసినా."

బస్టాండు రొదలోంచి "ఇంగోసారి చూడు," అంది.

నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, హొండ చుట్టూ మళ్ళీ ఒకసారి నడిచాను.